మూసిన రైలుదారి తెరవడమా, కొత్త దారి వేయడమా?

(అంబర్‌పేట్‌లో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సమావేశంలో రైలుమార్గాల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చును. కారణం ఉన్నది. మేము తనిఖీకి వెళ్లినప్పుడు తిరగవేసే మినిట్సు పుస్తకాలలో అప్పుడప్పుడు ఒక రకమైన తీర్మానం కనిపిస్తున్నది. "మా ప్రాంతానికి రైలు కావలెను" అని ఏకగ్రీవంగా ఆమోదించి పై అధికారులకు పంపుతున్నారు. కొన్నింటిలో మూతపడిన పాత లైను తెరవమని ఉంటుంది. కొన్నింటిలో కొత్త లైను వేయమని ఉంటుంది. రెండూ ఒకే వాక్యంలో కోరిన సంఘాలూ ఉన్నవి. రైలు కోరడం తప్పు కాదు. అయితే చెయ్యి ఎత్తేముందు ఏమి కోరుతున్నామో తెలుసుకొనుట మంచిది. ఎందుకంటే ఆ లైను చెయ్యి ఎత్తిన సభ్యుని మేతపొలం మీదుగానే పోవచ్చును.

పాతదా, కొత్తదా అని తగవు పడేముందు మూడు సంగతులు తేల్చుకోవలెను. పాత దారి ఎందుకు మూతపడినది? ఆ కారణం ఇప్పటికి తీరినదా? తెరిచిన దారి ఎక్కడిదాకా పోయి దేనితో కలుస్తుంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే పాతదా కొత్తదా అన్నది దానంతట అదే తేలుతుంది. ఈరోజు మేము చెప్పదలచినది ఇంతే. మిగిలినదంతా దీనికి దృష్టాంతాలు.

మూత అంటే మూడు రకాలు

"మూతపడిన లైను" అని మనం ఒకే మాటగా అంటాము గాని అందులో మూడు అంతరాలు ఉన్నవి. మొదటిది, పట్టాలు ఉన్నవి, ప్రయాణికుల బండి మాత్రం లేదు. రెండవది, పట్టాలు తీసివేశారు గాని కట్ట, నేల రైల్వేవారి చేతిలోనే ఉన్నవి. మూడవది, పట్టాలూ లేవు, నేలా లేదు. కట్టను దున్నేశారు, ఇళ్లు కట్టుకున్నారు, వంతెనలు కూల్చేశారు.

మొదటిదానిని తెరవడం ఇంటి తలుపు తాళం తీయడం వంటిది. రెండవది గోడలున్న ఇంటికి కప్పు వేయడం. మూడవది పేరుకు పాతదే గాని ఖర్చుకు కొత్తదే. "పాత లైను గదా, చౌకలో అవుతుంది" అని ఎవరైనా చెప్పినప్పుడు ఇది ఈ మూడింటిలో ఏ రకము అని అడగవలెను.

ఈ సభకు దగ్గరలోనే ఉన్న పాఠం

దూరం పోనక్కరలేదు. ఈ అంబర్‌పేట్ నుంచి విద్యానగర్ స్టేషనుకు పోతే అక్కడి నుంచి జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజి, సీతాఫల్‌మండి మీదుగా సికింద్రాబాదుకు లైను ఉన్నది. రెండవ వైపు కాచిగూడ, ఫలక్‌నుమా. నిజాం కాలం నాటి దారి ఇది. కాచిగూడ స్టేషను కట్టడం 1916 నాటిది. ఒకప్పుడు ఇక్కడ మీటరుగేజి బళ్లు నడిచేవి. 1990ల దశకంలో అది బ్రాడ్‌గేజి అయినది. 2003 ఆగస్టులో పట్నంలో ఎం.ఎం.టి.ఎస్. బళ్లు ప్రారంభమైనప్పుడు ఉన్న పట్టాలనే వాడుకున్నారు. స్టేషన్లు బాగుచేసి, కొత్త స్టేషన్లు కట్టి, విద్యుత్ బళ్లు తెచ్చారు. దాదాపు 43 కిలోమీటర్ల మొదటి దశకు అయిన ఖర్చు 178 కోట్ల రూపాయలు. విశ్వవిద్యాలయం పిల్లలు, కూలిపనికి పోయేవారు, ఆసుపత్రికి పోయేవారు తక్కువ టికెట్టుతో తిరుగగలిగారు.

ఇక తార్నాక చౌరస్తాలో తలెత్తి చూడండి. అక్కడ మెట్రో రైలు స్తంభాల మీద పోతున్నది. అది పూర్తిగా కొత్త దారి. 2017 నవంబరు 29న నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ వరకు 30 కిలోమీటర్లు మొదట తెరిచారు. మొత్తం 72 కిలోమీటర్ల మెట్రోకు తొలి అంచనా 14,132 కోట్ల రూపాయలు. రెండు లెక్కల మధ్య ఏళ్ల తేడా ఉన్నది, ధరల తేడా ఉన్నది, పనితీరులో కూడ తేడా ఉన్నది. మెట్రో నిమిషాల మీద వస్తుంది, ఎం.ఎం.టి.ఎస్. బండి కోసం కాచుకోవలసి వస్తుంది. దూరపు బళ్లు, గూడ్సు బళ్లు పోయే పట్టాల మీదనే అది కూడ పోవలెను గదా. కావున చౌకైనది ఎప్పుడూ మేలైనదని మేము అనడం లేదు. ఉన్న దారి వాడుకుంటే డబ్బు ఆదా అవుతుంది గాని ఆ దారిలో ముందునుంచీ ఉన్నవారితో సర్దుకుపోవలెను.

ఇంకొక ముచ్చట కూడ మనకు దగ్గరదే. మౌలాలి నుంచి సనత్‌నగర్ వరకు 22 కిలోమీటర్ల లైను ముఖ్యంగా గూడ్సు బళ్ల కోసం వాడినది. చుట్టుపక్కల కాలనీలు పెరిగినవి, బండి శబ్దం వినిపించేది గాని ఎక్కడానికి స్టేషను లేదు. 2012-13లో మంజూరైన ఎం.ఎం.టి.ఎస్. రెండవ దశలో దానిని డబుల్ లైను చేసి, కరెంటు తీగ వేసి, ఆరు స్టేషన్లు కట్టి, 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి ఆ దారిన బండి నడిపారు. పట్టాలు, నేల ఉన్న మొదటి రకపు లైనుకే పదేళ్లు దాటినది. తాళం తీయడానికి కూడ తాళంచెవులు నాలుగు శాఖల దగ్గర ఉంటే ఆలస్యం తప్పదని దీనివలన తెలుస్తున్నది.

కాకినాడ–కోటిపల్లి కథ

ఇప్పుడు గోదావరి జిల్లాకు పోదాము. మూసిన లైను తెరవడం, కొత్త లైను వేయడం, ఈ రెండూ ఒకే చోట ఎదురుపడిన కథ అక్కడ ఉన్నది.

కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమీ గోదావరి ఒడ్డునున్న కోటిపల్లి వరకు సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గం 1928లో వేశారు. వరిపొలాలు, కొబ్బరితోటలు, పుణ్యక్షేత్రాలు ఉన్న దారి. కోటిపల్లిలో దిగి, పంటు ఎక్కి గౌతమి దాటితే ముక్తేశ్వరం, అటు అమలాపురం, అదే కోనసీమ. పన్నెండేళ్లు నడిచినది. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఇనుము అవసరమని 1940 ప్రాంతంలో ఆ పట్టాలు ఊడదీసుకుపోయారు. గమనించండి. జనం ఎక్కక మూతపడిన లైను కాదు ఇది. పైవారి అవసరానికి మూయబడినది. ఇటువంటి లైనుకు తిరిగి తెరవమని అడిగే న్యాయం ఎక్కువ.

అరవై ఏళ్లకు పైగా ఆ ప్రాంతం వారు అడుగుతూనే ఉన్నారు. అమలాపురం నుంచి లోక్‌సభకు ఎన్నికై స్పీకరు పదవిలో ఉన్న జి.ఎం.సి. బాలయోగి గారు ఈ లైనుకై పట్టుదలగా పనిచేశారు. 2002 మార్చిలో ఆయన హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. లైను 2004లో తెరుచుకున్నది.

అయితే ఏమైనది? ఆ 64 ఏళ్లలో జనం ఊరకుండలేదు. రోడ్లు పడినవి, బస్సులు వచ్చినవి. యానాం వద్ద గౌతమి మీద ఎదుర్లంకకు రోడ్డు వంతెన 2002లోనే తెరుచుకున్నది. దానికి బాలయోగి గారి పేరే పెట్టారు. అమలాపురం మనిషి కాకినాడ పోవలెనంటే బస్సులో కూర్చుంటే నది దాటించి దింపుతున్నది. రైలు మాత్రం 1928లో ఎక్కడ ఆగినదో 2004లో కూడ అక్కడే, నది ఇవతలి ఒడ్డునే ఆగినది. అక్కడ దిగి మళ్లీ పంటు ఎక్కవలెను. చివరికి ఆ లైనుమీద ఒక్క పెట్టె రైలుబస్సు తిప్పేంత ప్రయాణికులే మిగిలారు.

ఇది లైను తప్పు కాదు. 1928 నాటి ప్రయాణికునికి నది ఒడ్డు సరిపోయినది, ఎందుకంటే నది అవతలికి అప్పుడు వేరే దారి లేదు. 2004 నాటి ప్రయాణికునికి సరిపోలేదు. పాత దారిని పాత చివరిదాకానే తెరిచారు, జనం పోయే చోటు మాత్రం ముందుకు జరిగినది.

ఈ సంగతి రైల్వేవారికి తెలియక కాదు. అందుకే కోటిపల్లి నుంచి నర్సాపురం వరకు 57 కిలోమీటర్ల కొత్త లైను 2000-01లో మంజూరైనది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీద మూడు పెద్ద వంతెనలు. నర్సాపురం దాకా పోతే అక్కడి నుంచి భీమవరం వైపు ఉన్న లైనుతో కలుస్తుంది. అప్పుడు కాకినాడ–కోటిపల్లి కొనకొమ్మ కాక నడుమ దారి అవుతుంది. కాని వంతెనల ఖర్చు, భూసేకరణ, రాష్ట్ర ప్రభుత్వ వాటా 25 శాతం, ఏడాదికింత చొప్పున వచ్చే నిధులు, వీటి మధ్య పని సాగుతూ ఆగుతూ వచ్చినది. అంచనా రెండువేల కోట్లు దాటినది. 2024 నాటికి కూడ రైలు గౌతమి దాటలేదు.

సోదరులారా, ఇందులో పాత లైను వాదులూ, కొత్త లైను వాదులూ ఇద్దరూ నేర్చుకోవలసినది ఉన్నది. కొత్త ముక్క లేక పాత ముక్క ఫలించలేదు. పాత ముక్క ఉన్నది గనుకనే కొత్త ముక్కకు అర్థం ఉన్నది. రెండూ ఒకే పనిగా లెక్కవేసి, నది మీది వంతెనకు డబ్బు ముందుగా చూసుకుని ఉంటే, తెరిచిన లైను ఇన్నేళ్లు ఎదురుచూడవలసి వచ్చేది కాదు.

నౌపడ–గుణుపురం: మూసి తెరిచిన లైను

దీనికి భిన్నమైన కథ శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది. పర్లాకిమిడి మహారాజావారు నౌపడ నుంచి పర్లాకిమిడికి సన్న పట్టాల లైను వేయించి 1900లో బండి నడిపారు. టెక్కలి, పాతపట్నం ప్రాంతాల తెలుగువారికి అది ఇంటి బండి. మొదటి ఏళ్లలో నష్టమే. 1910 తరువాత కొద్ది లాభం, 1924-25 తరువాత మంచి లాభం వచ్చినది. ఆ లాభం చూసుకుని 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. ఏమి గమనించవలెను? మొదట చిన్నది వేశారు, నష్టానికి ఓర్చుకున్నారు, లాభం కనిపించిన తరువాత పొడిగించారు. మన పాల రూటు పెంచవలసిన పద్ధతి కూడ ఇదే.

కాలం గడిచినకొద్దీ సన్న పట్టాలు అడ్డమైనవి. నౌపడలో పెద్ద లైను బ్రాడ్‌గేజి, ఇది న్యారోగేజి. సరుకంతా ఒక బండి దింపి ఇంకొక బండికి ఎక్కించవలెను. ఒక క్యానులోని పాలు ఇంకొక క్యానులోకి వంచినప్పుడల్లా కొన్ని ఒలుకుతాయి, కొంత వేళ పోతుంది. ఇదీ అంతే. కావున 2004లో ఆ లైను మూసి, బ్రాడ్‌గేజిగా మార్చి, 2011లో తిరిగి తెరిచారు. ఏడేళ్లు జనం బస్సుల మీద గడిపారు గాని తెరిచినప్పుడు అది పెద్ద లైనుతో ఏకమైనది. గుణుపురంలో ఎక్కినవాడు మధ్యలో దిగకుండా పూరీ దాకా పోగలిగాడు.

రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కోటిపల్లి లైను తెరిచినప్పుడు అది మూతపడిన నాటి రూపంలోనే, అదే ఒడ్డు దాకా తెరిచారు. గుణుపురం లైనును తెరిచేముందు దానికున్న జబ్బు, అంటే పట్టాల వెడల్పు తేడా, దానిని సరిచేశారు.

కొత్త లైనంటే భూమి, ఓపిక

ఇక పూర్తిగా కొత్త లైన్ల సంగతి. మన తెలంగాణలోనే పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ లైను చూడండి. దాదాపు 178 కిలోమీటర్లు. 1993లో పని మొదలైతే నిజామాబాద్ దాకా పూర్తి అయి బండి నడిచినది 2017 మార్చిలో. రాయలసీమలో నంద్యాల–ఎర్రగుంట్ల 123 కిలోమీటర్ల లైను 1996-97లో మంజూరై 2016 ఆగస్టులో తెరుచుకున్నది. మనోహరాబాద్–కొత్తపల్లి 151 కిలోమీటర్ల లైను 2006-07లో మంజూరైనది. ఖర్చులో మూడవ వంతు, భూమి రాష్ట్ర ప్రభుత్వం భరించవలెనని ఒప్పందం. 2023 అక్టోబరులో సిద్దిపేట వరకు బండి వచ్చినది.

లెక్కకు అందేది ఏమంటే, కొత్త లైను కోరిన వానికి మీసం నల్లగా ఉంటే, బండి ఎక్కే నాటికి తెల్లబడుతుంది. ఇది కొత్త లైను వద్దనడానికి చెప్పడం లేదు. సిద్దిపేటకు, జగిత్యాలకు పాత లైను లేదు, తెరవడానికి ఏమీ లేదు. అటువంటి చోట కొత్తదే గతి. దారిలేని చోట దారి వేయుట ప్రభుత్వ ధర్మం.

అయితే నేల లెక్క వేసుకోండి. కట్ట, కాలువ కలిపి 30 మీటర్ల వెడల్పు అనుకుంటే కిలోమీటరుకు 3 హెక్టార్లు, అంటే 7 ఎకరాల పైచిలుకు. పది కిలోమీటర్లకు 74 ఎకరాలు. రెండెకరాల సభ్యునికి మధ్యగా కట్ట పోతే మిగిలిన రెండు ముక్కలూ సేద్యానికి పనికిరావు. 2013 భూసేకరణ చట్టం నష్టపరిహారం, పునరావాసం రెండూ చెబుతున్నది, నిజమే. అయినా డబ్బు బ్యాంకులో పడినంత మాత్రాన గేదె మేయదు. ఈ అంబర్‌పేట్ దిగువన మూసీ ఒడ్డున పారాగడ్డి పెంచి పట్నం గేదెలకు మోపులు అమ్మి బతికిన కుటుంబాలు ఉన్నవి. అటువంటి మేత నేల ఒకసారి పోతే తిరిగి రాదు. కావున భూమి పోయే సభ్యుల పేర్లు తెలియకుండా భూమి పోనివారు మాత్రమే చేతులెత్తి చేసిన తీర్మానం సహకార ధర్మానికి తగదు.

ఇంకొకటి. కట్ట పడిన తరువాత ఊరికీ పొలానికీ మధ్య దాటే చోటు ఏది? ఇప్పుడు గేట్లు తీసివేసి కట్ట కింద సొరంగదారులు పెడుతున్నారు. వానాకాలంలో అందులో నీరు నిలిస్తే పాల క్యాను సైకిలు మీద పెట్టుకుని వచ్చే సభ్యుడు అవతలే ఆగిపోతాడు. రైలు కోరే తీర్మానంలోనే నీరు పారిపోయే ఏర్పాటుతో దాటుదారి ఫలానా చోట కావలెనని రాయవలెను. తరువాత రాసిన అర్జీలకు బలముండదు.

పరదేశంలో రెండు లైన్లు

బ్రిటన్ దేశంలో 1963లో బీచింగ్ అనే అధికారి నివేదిక ప్రకారం నష్టం వచ్చే లైన్లు వేల మైళ్ల మేర మూసివేశారు. తరువాత కొన్నింటిని తెరుస్తున్నారు. అందులో రెండు చూడండి. స్కాట్లాండులో ఎడిన్‌బరో నుంచి దక్షిణానికి పోయే లైను 1969లో మూసి, పట్టాలు తీసి, నేల అమ్మివేశారు. దానిలో 30 మైళ్లు, ట్వీడ్‌బ్యాంక్ వరకు, తిరిగి వేసి 2015 సెప్టెంబరులో తెరిచారు. దానికోసం ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చినది. ఖర్చు 30 కోట్ల పౌన్లకు దగ్గర. ఇంగ్లండులో ఓక్‌హాంప్టన్ అనే ఊరి లైనుకు 1972లో ప్రయాణికుల బళ్లు ఆపారు గాని పక్కన రాతి క్వారీ ఉన్నందున పట్టాలు ఉంచారు. దానిని 2021 నవంబరులో తెరిచారు. పని తొమ్మిది నెలలు, ఖర్చు సుమారు 4 కోట్ల పౌన్లు.

రెండూ పాత లైన్లే. తేడా అంతా నేలను కాపాడుకోవడంలో ఉన్నది. మూసిన నాడు కట్టను అమ్మనివాడు తెరిచే నాటి ఖర్చు తగ్గించినవాడు. మన ప్రాంతంలో లైను ఏదైనా మూతపడితే "బండి నడపండి" అన్న అర్జీ కంటె ముందు "నేల అమ్మవద్దు, ఆక్రమణ కానివ్వవద్దు" అన్న అర్జీ పోవలెను. ఖర్చులేని కోరిక అది.

రైలొస్తే పాలకు ఏమి లాభం?

ఒక సంఘంలో ఒక అక్క మమ్మల్ని అడిగినది: "సారూ, రైలొస్తే మా పాలకు రేటు పెరుగుతదా?" సూటియైన ప్రశ్న. సూటిగానే జవాబు చెప్పవలెను.

పాలు రైలులో పోవుట కొత్త సంగతి కాదు. 2020 మార్చి 26న, లాక్‌డౌన్ రోజులలో, రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు "దూధ్ దురంతో" అని పాల రైలు మొదలుపెట్టారు. ఒక్కొక్క రైలు ట్యాంకరులో 40,000 లీటర్లు. ఆరు ట్యాంకర్లు కడితే 2 లక్షల 40 వేల లీటర్లు. ఒక ట్యాంకరు అంటే 40 లీటర్ల క్యాన్లు వెయ్యి. రోజుకు 200 లీటర్లు పోసే సంఘాలు 200 కలిస్తే గాని ఒక్క ట్యాంకరు నిండదు. అందునా పాలు శీతలీకరించి, రోడ్డు మీద రైలు దాకా తెచ్చి, అక్కడ ఎక్కించవలెను. కావున రెండువేల కిలోమీటర్ల దూరానికి రైలు మేలు. యాభై, వంద కిలోమీటర్ల దూరానికి మన వ్యాను, మన ట్యాంకరే మేలు. తార్నాక పక్కన లాలాపేటలోని విజయ డెయిరీకి ఏళ్ల తరబడి పల్లెల పాలు వచ్చినది ముఖ్యంగా రోడ్డుమీదనే.

మరి రైలువలన లాభం లేదా? ఉన్నది. దాణా, మక్కలు, తవుడు, చెక్క దూరం నుంచి వ్యాగన్లలో వస్తే బస్తా మీద రవాణా తగ్గే వీలున్నది. కరువు వచ్చిన ఏడు ఎండుగడ్డి తెప్పించవచ్చును. చదువుకునే పిల్లలు తక్కువ టికెట్టుతో పోయి వస్తారు. అక్కకు మేము చెప్పినది ఇదే: "రేటు రైలువలన రాదమ్మా, వెన్న శాతంవలన, సరైన టెస్టింగువలన వస్తుంది. రైలువలన ఖర్చు తగ్గవచ్చును." రాని లాభం ఆశపెట్టి సంతకం తీసుకొనుట మంచి పద్ధతి కాదు.

మన ఇంటి లెక్క

ఇప్పుడు మన సంఘాలకు వద్దాము. మూసిన సంఘాన్ని తెరవడమా, కొత్త రూటు వేయడమా అన్న ప్రశ్న మనకు ఏటేటా వస్తున్నది. రైలు పాఠం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మేము చూసిన మూడు ఊళ్ల సంగతి పేర్లు లేకుండా చెబుతాము. ఒక ఊరిలో సంఘం మూతపడినది కల్వర్టు కొట్టుకుపోయి వ్యాను రాక. కల్వర్టు కట్టిన తరువాత అదే గది, అదే రిజిస్టరు, అదే సభ్యత్వంతో తెరిచారు. మొదటి వారంలోనే పాత సభ్యులలో సగం మందికి పైగా పాలు పోశారు. కారణం తీరినది, దారి తెరుచుకున్నది. రెండవ ఊరిలో మూతపడినది పాల బిల్లులు నాలుగు దఫాలు ఎగవేసినందుకు. ఆ బకాయి తీర్చకుండా కొత్త బోర్డు కట్టి, కొబ్బరికాయ కొట్టి తెరిచారు. జనం వచ్చి చూసి పోయారు గాని పాలు పోయలేదు. మూడు నెలలలో మళ్లీ మూత. గది మూతపడి ఉంటే తాళం తీయవచ్చును, నమ్మకం మూతపడితే ముందు బాకీ తీర్చవలెను.

మూడవ ఊరిలో పాత సంఘం జోలికి పోకుండా దూరపు మూడు పల్లెలు కలిపి కొత్త రూటు వేశారు. ఉత్సాహం మెండు. కాని శీతలకేంద్రం దాకా రెండున్నర గంటల ప్రయాణం, మధ్యలో బల్క్ మిల్క్ కూలరు లేదు. ఎండాకాలంలో పాలు విరిగినవి. నది మీద వంతెన లేక ఆగిన రైలు వంటిదే ఇది. దారి వేశారు గాని చివరిదాకా పోయే ఏర్పాటు చేయలేదు.

లిక్విడేషనులో ఉన్న సంఘాల విషయం కూడ చెప్పవలెను. సంఘం పని ఆగినంత మాత్రాన దాని గది, తూకం సామాను, స్థలం ఎవరి సొంతమూ కాదు. రిజిస్టర్లు, వాటాధనం లెక్క భద్రంగా ఉంటే తిరిగి తెరవడం ఓక్‌హాంప్టన్ లైను వంటిది. రిజిస్టర్లు చెదలు తిని, స్థలం ఎవరో కలుపుకుంటే అది పేరుకే పాత సంఘం. కొత్త రిజిస్ట్రేషను కన్న ఎక్కువ శ్రమ. కావున మూతపడిన సంఘం ఉన్న ఊళ్లవారు ఈ వారంలోనే బీరువా తెరిచి చూడవలెనని మా మనవి.

తీర్మానానికి ముందు అయిదు ప్రశ్నలు

రైలుమార్గమైనా, పాల రూటైనా సర్వసభ్య సమావేశంలో ఈ అయిదు ప్రశ్నలు పైకి చదివి, జవాబులు మినిట్సులో రాసిన తరువాతనే ఓటు పెట్టవలెను.

1. పాత దారి మూతపడిన కారణమేమి? ఇప్పుడు ఆ కారణం ఉన్నదా, తీరినదా?

2. పాతదానిలో ఏమి మిగిలినది? నేల, కట్ట, గది, రిజిస్టరు, నమ్మకం, వీటిలో ఏవి చేతిలో ఉన్నవి?

3. దారి ఎక్కడ ఆగుతుంది? అక్కడి నుంచి ముందుకు పోవడానికి ఏర్పాటు ఉన్నదా, లేక నది ఒడ్డున దింపి వదిలేస్తుందా?

4. ఎవరి భూమి, ఎవరి సొమ్ము పోతుంది? వారు ఈ సభలో ఉన్నారా, మాట్లాడారా?

5. పని సగంలో ఆగితే ఆ భారం ఎవరు మోస్తారు?

అయిదింటిలో మూడింటికి పాత దారి వైపు మంచి జవాబు వస్తే పాతదానినే తెరవండి. పాత దారి జనం పోయే చోటికి పోకపోతే కొత్తది అడగండి, కాని చివరిదాకా అడగండి, సగం అడగవద్దు. నేల మీద ఏమీ మిగలనప్పుడు పాత పేరు పట్టుకుని వేలాడడం వలన కాలహరణమే గాని ఫలితం లేదు.

కోటిపల్లివారు అరవై ఏళ్లు అడిగారు. అడగడంలో వారి లోపమేమీ లేదు. అడిగినది దొరికిన నాటికి వారి అవసరం నది దాటిపోయినది. మనం అడిగేది రేపు మన పిల్లలకు ఏ ఒడ్డున అందుతుందో చూసుకుని అడగవలెను.

వచ్చే నెల మీ సంఘాలలో జరిగే సర్వసభ్య సమావేశాలకు ఈ ప్రశ్నలు తీసుకుపోండి. ఏ జవాబు వచ్చినా మినిట్సులో వివరంగా రాయండి. తనిఖీకి వచ్చినప్పుడు మొదట ఆ పేజీయే మేము తెరిచి చూస్తాము.